వంగినవాళ్లూ, పరుగెత్తినవాళ్లూ

డిసెంబరు వచ్చిందంటే మా దర్శి చుట్టుపక్కల రెండు తెలుపులు కనిపించేవి. ఒకటి చేలో పగిలిన పత్తి. రెండోది పాలెంలో గుడికి కొత్తగా కొట్టిన సున్నం. ఇప్పుడు సున్నం పోయి డబ్బా రంగులొచ్చాయి. గుడి నీలంగానో గులాబీగానో మారింది గానీ నా కంటికి డిసెంబరు ఇంకా తెల్లగానే ఉంటుంది. మావైపు పల్లెల్లో క్రైస్తవులు చర్చి అనరు, గుడి అనే అంటారు. "గుడికి పోతన్నాం" అంటే ఏ గుడి అని ఎవరూ అడగరు. అడిగినవాడు ఈ ఊరివాడు కాదని లెక్క.

నేను ఆ గుడివాణ్ణి కాను. మాది ఊళ్లో వ్యవసాయం ఇల్లు. అయినా క్రిస్మస్ ఎప్పుడొచ్చేదీ మా ఇంట్లో అందరికీ తెలిసేది. మా పత్తి తీసేవాళ్లూ, సంక్రాంతి దాటాక మా మిరపకాయలు కోసేవాళ్లూ ఆ గుడివాళ్లే మరి. పండగనాడు తీత ఆగిపోయేది. మా నాయన గొణిగేవాడు. మబ్బు పట్టిందంటే ఇంకా గట్టిగా గొణిగేవాడు, పగిలిన పత్తి తడిస్తే ధర పోతుంది కదా. నేను విన్న మొదటి క్రిస్మస్ పాట ఆ గొణుగుడే.

ఈమధ్య ఒక సెమీ క్రిస్మస్‌కి పిలిస్తే వెళ్లాను. అసలు పండక్కి ముందే బళ్లలో, ఆఫీసుల్లో జరిపే పండక్కి మనవాళ్లు కనిపెట్టిన పేరిది. ఇంగ్లీషువాడికి చెప్తే సగం క్రిస్మస్ ఏమిటని తల గోక్కుంటాడు. వేదిక మీద పదిహేను కుర్చీలు, వాటిలో తువ్వాలు కప్పినవి మూడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేలడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత మైకు అందుకున్న ప్రతివాళ్లూ తగ్గింపు గురించే మాట్లాడారు. క్రైస్తవుల తెలుగులో వినయానికి మాట అది. అదే మాట బట్టల కొట్టు బోర్డు మీద ఉంటే అర్థం వేరు. ఆ పూట వేదిక మీద ఏ అర్థంలో వాడారో నాకు సరిగా తేలలేదు.

చివర్లో పిల్లల నాటకం. నలుగురు గొల్లలు. గొంగళ్లు దొరక్క దుప్పట్లు కప్పారు. ముగ్గురు జ్ఞానులకి అద్దె ముఖమల్ అంగీలు, అట్ట కిరీటాలు. ఉయ్యాల దగ్గరికి రాగానే పక్కనుంచి టీచరమ్మ సైగ చేసింది. గొల్లలు మోకాళ్లూని, నేలకి తలలు ఆనించి అలాగే ఉండిపోయారు. జ్ఞానులు మాత్రం నిలబడే పెట్టెలు అందించారు. అంగీలు మాసిపోతాయని కాబోలు. చప్పట్లు కొట్టాం. నాకు తేడా ఏమీ కనిపించలేదు. ఇంటికొచ్చాక నిద్రపట్టక లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. అప్పుడు కనిపించింది.

కాపరులు మోకరించారని లూకా ఎక్కడా రాయలేదు. రాత్రివేళ మంద కాస్తున్నవాళ్లకి కబురొచ్చింది. హడలిపోయారు. పోయి చూసొద్దాం పదమన్నారు. గబగబా పోయారు. తొట్టిలో బిడ్డని చూశారు. చూసిన సంగతి చెప్పారు, విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. దేవుణ్ణి పొగుడుకుంటూ మళ్లీ మంద దగ్గరికి పోయారు. అక్కడితో వాళ్ల కథ సరి. లోపలికి వెళ్లాక వాళ్లూ దండం పెట్టే ఉంటారు, కాదనను. రాసినాయన మాత్రం అది చెప్పుకోవాల్సిన సంగతిగా అనుకోలేదు. వాళ్ల పరుగు రాశాడు, వాళ్ల నోరు రాశాడు.

మరి వంగిందెవరు? మత్తయి సువార్తలో జ్ఞానులు. చుక్కల లెక్కలు తెలిసినవాళ్లు, దేశాలు దాటొచ్చే తీరికా డబ్బూ ఉన్నవాళ్లు, హేరోదు రాజు చాటుగా పిలిపించుకుని మాట్లాడినవాళ్లు. తెలుగు బైబిలు వాళ్లకి వాడిన మాట సాగిలపడడం. ముగ్గురని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు గనక మనుషుల్నీ మూడు చేశాం. వాళ్లు పాకలోకి వచ్చారనీ చెప్పలేదు, ఇంట్లోకి అన్నాడు. రెండు పుస్తకాల్లోని వేర్వేరు రాకల్ని ఒకే వేదిక మీదికి తెచ్చింది మనం. తెస్తే తెచ్చాం. వంగేవాళ్లని నిలబెట్టి, పరుగెత్తేవాళ్లని వంచాం.

సాగిలపడడమనే మాట ఈ ప్రాంతంలో తేలికైన మాట కాదు. దర్శి, పొదిలి వెంకటగిరి సంస్థానం కింద ఉన్న సీమ. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేదాకా శిస్తు వాళ్లదే, కచేరీ వాళ్లదే. పంట ఎండిన ఏడు రైతు అక్కడికి వెళ్లి కాళ్లమీద పడేవాడు. ఇంటికొచ్చి మళ్లీ మీసం దువ్వుకునేవాడు, ఎందుకంటే ఇక్కడ ఇతని ముందు వంగేవాళ్లు వేరే ఉన్నారు. మా ఇంటికి పనికొచ్చే ముసలావిణ్ణి పదేళ్ల నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. ఆమె నన్ను "అయ్యా" అనేది. ఆమెకి మా నాయనమ్మ వయసు. అందులో వింతేమీ ఉందని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, ఆమె అసలే చెప్పలేదు.

ఇక చేలో వంగడం సంగతి. పత్తి తీసేవాళ్లు నడుముకి గుడ్డతో ఒడి కడతారు. తీసిన పత్తి అందులో వేస్తూ సాలు వెంట వంగి నడుస్తారు. మధ్యాహ్నానికి ఆ ఒడి తొమ్మిది నెలల కడుపంత అవుతుంది. మిరప కోత ఇంకా కష్టం. తొడిమ పట్టి తుంపాలి, కొమ్మ విరగకూడదు. పొద్దుటినుంచీ కోసిన చేతులు రాత్రి నీళ్లలో పెట్టినా మండుతూనే ఉంటాయి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే అంతే. ఇలా రోజంతా వంగినవాడికి ఆదివారం గుడిలో తగ్గింపు నేర్చుకో అని చెప్పేవాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది. వాడు ఇంకెంత తగ్గాలి?

ఇప్పుడు మా దొడ్లో రాతి తొట్టి గురించి చెప్పాలి.

నేను అయిదో తరగతి చదివిన ఏడు. సాగర్ కుడికాలువ నీళ్లొచ్చాక ఊరికి పత్తి పిచ్చి పట్టిన రోజులు. మా ఇంట్లో రెండు గదుల నిండా పత్తే. ధర పెరుగుతుందని అమ్మకుండా పోశారు. పత్తి పోసే గది మీరు చూశారో లేదో. కిటికీ మూసి, నేలమీద గోతాలు పరిచి, గంపలతో పోసి, పైన పిల్లల్ని ఎక్కించి తొక్కిస్తారు. మేం దూలాల దాకా తొక్కాం. ఆ గదిలోకి దీపం పోనిచ్చేవాళ్లు కాదు. మనుషులందరం వసారాలో పడుకునేవాళ్లం. గదులు దానివి, వసారా మాది.

ఆ డిసెంబర్లో కర్నూలు జిల్లా ఆదోని వైపు నుంచి కూలీలు దిగారు. ఇప్పటికీ దిగుతున్నారు. అక్కడ వానాకాలం పైరు పోగానే ఇళ్లకి తాళాలేసి, ముసలివాళ్లని వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని గుంటూరు, ప్రకాశం చేలకి పత్తి తీతకీ మిరప కోతకీ వస్తారు. చేను గట్టున పట్టాలు కట్టుకుంటారు, లేదా బడి వరండాలో పడుకుంటారు. ఆ రోజు వాళ్ల మేస్త్రి మా గుమ్మం ముందు నిలబడి అడిగాడు.

"ఇంట్లో యాడన్నా రోంత జాగా ఇయ్యప్పా. పసిబిడ్డ తల్లి ఉండాది."

నాయన వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. "ఇంట్లో యాడుందయ్యా చోటు? పత్తి పోశాంగా" అన్నాడు. అబద్ధమాడలేదు. నిజంగానే చోటు లేదు. "గొడ్ల చావిట్లో సర్దుకోండి" అన్నాడు. అది దయగానే అన్నాడు. మిగతావాళ్లు అదీ ఇవ్వలేదు.

మర్నాడు చీకటితో నాయనమ్మ పాలు పితకడానికి వెళ్తుంటే వెంటపడ్డాను. చావిట్లో రెండు ఎడ్లు, ఒక బర్రె. ఒంగోలు జాతి ఎడ్లు, మూపురాలు చూస్తేనే భయమేసేంతవి. వాటి ముందున్న రాతి తొట్టిలో అడుగున చొప్ప పరిచి, పైన చీరముక్క వేసి, బిడ్డని పడుకోబెట్టారు. ఎడ్లు మెడలు చాచి తొట్టివైపు బుస్సుబుస్సున ఊపిరి వదులుతున్నాయి. ఆ ఊపిరికి బిడ్డ వెంట్రుకలు కదులుతున్నాయి. మమ్మల్ని చూడగానే ఆ తల్లి దిగ్గున లేచి నిలబడింది.

"కింద తేళ్లుంటాయని పండబెట్టినానమ్మా. తీసేస్తా."

మేత వేసే చోట మనిషిని పడుకోబెట్టినందుకు నాయనమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. పాల చెంబు అక్కడే పెట్టి ఇంట్లోకి పోయి, తన పాత నూలు చీర ఒకటి తెచ్చి నిలువునా చించింది. పొత్తిగుడ్డలకి కొత్త బట్ట పనికిరాదు, గుచ్చుకుంటుంది. ఎన్నో ఉతుకులు తిని వెన్నలా అయిన చీరే కావాలి. ఆ తొట్టి ఖాళీ అయ్యేదాకా మా ఎడ్లు గంపలో మేసాయి. అది చూసి నాయన మళ్లీ గొణిగాడు.

చాలా ఏళ్ల తర్వాత లూకా పుస్తకంలో పొత్తిగుడ్డలు అనే మాట చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. తెలుగు చేసినవాళ్లు దానికి వేరే మాట వెతకలేదు, మన బాలింత ఇంటి మాటే పెట్టారు. తొట్టి కూడా అంతే. నాటకాల్లో తొట్టిని చూసి అందరూ అయ్యో అంటారు గానీ, ఆ ఆదోని తల్లిని చూసినవాణ్ణి గనక నాకు అందులో ముందు తెలివి కనిపిస్తుంది. చావిట్లో బిడ్డకి అంతకన్నా భద్రమైన చోటు లేదు. దీనత్వం గురించి తర్వాత ఎవరైనా ప్రసంగం చెప్పుకోవచ్చు. తల్లి మాత్రం తేళ్ల గురించి ఆలోచించింది.

సత్రంవాడి సంగతి కూడా అప్పుడే తేలింది. లూకా కథలో సత్రం యజమాని అనే మనిషే లేడు. చోటు లేదన్న సంగతి ఒక్కటే ఉంది. మనమే నాటకానికి ఒకణ్ణి పుట్టించి, మీసాలు పెట్టి, తలుపు దభాలున వేయించాం. దుర్మార్గుడు ఒకడుంటే మనకి హాయి. చదువుతుంటే నాకు మాత్రం ఆ మీసాలవాడు కనపడలేదు. గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి పత్తి గదుల వంక చూసిన మా నాయన కనపడ్డాడు. ఆయన మంచివాడే.

ఆ పత్తికి ధర పెరగలేదు. కొన్నేళ్ల తర్వాత తెల్లదోమ వచ్చింది. కొట్టిన మందు పనిచేయక, అప్పు తెచ్చి మళ్లీ కొట్టి, 1987లో మా జిల్లా పత్తి రైతులు అదే మందు తాగిన వార్తలు దేశమంతా చదివింది. ఎవరి ముందూ తల వంచనివాళ్లు పురుగుమందుల కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడడం చూశాను. అదీ వంగడమే. దాన్ని ఎవరూ వినయమనలేదు. ఆకలి వంచుతుంది, అప్పు వంచుతుంది, కచేరీ వంచుతుంది. వంచేది ఏదీ లేనప్పుడు వంగడం ఇంకొక పని. జ్ఞానులు చేసింది ఆ పని. వాళ్లని ఆ ఇంట్లో ఎవరూ బెదిరించలేదు, అక్కడ భయపెట్టే రాజే లేడు. భయపెట్టే రాజు యెరూషలేములో ఉన్నాడు. ముందు అక్కడికే వెళ్లారు కూడా. పుట్టింది రాజైతే రాజనగరులో కాక ఎక్కడ పుడతాడని చదువుకున్నవాళ్లకి సహజంగా వచ్చే ఊహ. తప్పు ఇంటి తలుపు తట్టి, దారి అడిగి, అయిదారు మైళ్ల దూరంలో ఉన్న బేత్లెహేముకి పోయారు. అంత చదువూ అంత ప్రయాణమూ చేసి, ఒక మామూలు ఇంట్లో తల్లి దగ్గరున్న పిల్లాడి ముందు నేలమీద పడడానికి వాళ్లు తమ లెక్క తప్పని ఒప్పుకోవాలి. పెట్టెలో బంగారం తీయడం దానికన్నా తేలిక.

ఆ కానుకల గురించి ఒక మాట. బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, బోళం చావుకి గుర్తు అని ప్రసంగాల్లో చెప్తారు. పాత వ్యాఖ్యానమే, బాగానే ఉంటుంది. కానీ తెలుగింట్లో పెరిగినవాడికి ఆ మూడు పేర్లు వింటే వేరే వాసనొస్తుంది. చంటిబిడ్డకి తలంటిపోసి జుట్టుకి పట్టేది సాంబ్రాణి పొగ. మన నాటువైద్యంలో బోళానికి బాలింత్రబోళమని పేరే ఉంది. ఇక పుట్టినబిడ్డకి మేనత్త తెచ్చేది చిన్నమెత్తు బంగారం. మూడూ కలిపితే పురిటింటి సరుకుల చీటీ. ఎక్కడో తూర్పు దేశపు పండితులు మావైపు మేనత్తల్లాగా ఆలోచించి తెచ్చారని అనుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం ఇంకొంచెం పెరుగుతుంది.

ఈ కథ మా జిల్లాకి వచ్చిన తీరులోనూ ఎవరు ముందు, ఎవరు వెనక అనే తగాదా ఉంది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచీ ఉన్నా పెద్దగా ఎవరూ చేరలేదు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. మావాళ్ల నోట క్లౌ దొర. తగ్గింపు బోధించడానికి వచ్చినవాణ్ణి కూడా దొర అనకుండా ఉండలేకపోయాం, అది వేరే కథ. ఆయన దగ్గరికి ముందుగా వచ్చినవాళ్లలో తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందే గురువుల్ని వెతుక్కుని యోగసాధన చేసినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీ మాట చెవినపడింది. ఇంటికొచ్చి ఊరుకోలేదు, కనపడ్డ మాదిగపల్లెలన్నీ తిరిగి చెప్పాడు. పరుగెత్తిన గొల్లల బాపతు మనిషి.

ఒంగోల్లో పెద్దకులాలవాళ్లు కొందరు క్లౌ బడికి పిల్లల్ని పంపుతూ స్నేహంగానే ఉండేవాళ్లు. మాదిగలు రావడం మొదలయ్యేసరికి వాళ్లొచ్చి, వీళ్లని చేర్చుకుంటే మేం రాలేమన్నారు. క్లౌ ఇరుకున పడ్డాడు. పెద్దవాళ్లు ముందు చేరితే కిందివాళ్లు వాళ్లే వస్తారన్నది అప్పటి లెక్క. జ్ఞానులు రాజనగరుకి పోయిన లెక్కే ఇదీ. ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కంటపడిందట, దేవుడు ఎన్నుకున్నవాళ్లలో జ్ఞానులూ గొప్ప వంశాలవాళ్లూ ఎక్కువమంది లేరని పౌలు అనే చోటు. అదే సమయానికి వేరే గదిలో ఆయన భార్యా అదే పుటకి తెరిచిందని చెప్పుకున్నాడు. కాకతాళీయమంటారో, ఇంకేమంటారో మీ ఇష్టం. ఆయన మాదిగల్ని చేర్చుకున్నాడు. పెద్దవాళ్లు వెళ్లిపోయారు.

తర్వాత ధాత కరువు. 1876 నుంచి 78 దాకా జనం రాలిపోయారు. క్లౌ ఒకప్పుడు అమెరికాలో భూమి సర్వే పనిచేసినవాడు కావడంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఆ కాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం చేరారన్న మాట వాళ్లకి రాకూడదని. ఆకలి వంచితే వంగేది ఆరాధన కాదని ఆయనకి తెలుసన్నమాట. కరువు తగ్గాక, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నిలబడి, అలిసిపోతే ఇంకో ఇద్దరు.

ఆ రోజు గురించి ఆలోచిస్తే నాకు అంకె కన్నా చేతులు గుర్తొస్తాయి. ఊరి బావి తాకనివ్వని మనుషులు. చెప్పు కుట్టాలి, మోటకి తోలు బొక్కెన కుట్టాలి, ఆ బొక్కెన తోడిన నీళ్లు మాత్రం ముట్టకూడదు. అలాంటివాళ్లని ఒకరు వీపుకింద చెయ్యివేసి నీళ్లలోకి వంచారు. వంచి వదిలేయలేదు. వంచిన చెయ్యే పైకి లేపింది. అన్నాళ్లూ వంచిన చేతులే తెలుసు వాళ్లకి, లేపిన చెయ్యి కొత్త. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల గురించి 1899లో ఒక పుస్తకం రాసింది. చెప్పులు కుడుతుండగా అని అర్థమొచ్చే పేరు పెట్టింది. ఆ పేరు నాకిష్టం. అందులో ఎవరూ మోకాళ్లమీద లేరు, పనిలో ఉన్నారు.

కథ అక్కడితో సుఖాంతమైందని చెప్పను. ఒకే ఊళ్లో మాల గుడి, మాదిగ గుడి వేరుగా ఉన్న చోట్లు మావైపు లేకపోలేదు. కాగితాల గొడవ ఉండనే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి పోతాడు. అందుకని బళ్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు. నాతో చదివినవాళ్లలో హాజరుపట్టీలో ఒక దేవుడి పేరు, ఇంట్లో ఇంకో దేవుడి మనిషి పేరు ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో. క్రిస్మస్ కథ మొదలయ్యేదీ ప్రభుత్వం మనుషుల్ని రాసుకోవడంతోనే కదా. కైసరు ఔగుస్తు జనాన్ని లెక్క రాయించమన్నాడు, యోసేపు నిండు చూలాల్ని వెంటబెట్టుకుని సొంత ఊరికి బయల్దేరాడు. ఎమ్మార్వో ఆఫీసు ముందు సర్టిఫికెట్టు కోసం కూర్చున్నవాళ్లకి ఆ మొదటి వాక్యాలు వేరే వ్యాఖ్యానం అక్కర్లేకుండా అర్థమవుతాయి.

మాకు ఉత్తరాన వినుకొండ. 1895లో అక్కడ పుట్టిన జాషువా క్రీస్తు చరిత్ర రాశాడు, 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తండ్రి గొల్ల, తల్లి మాదిగ. బేత్లెహేము కబురు తెలుగు పద్యంలో చెప్పడానికి అంతకన్నా తగిన ఇల్లు దొరకదేమో. కానీ నాకు ఈ సందర్భంలో గుర్తొచ్చేది ఆయనదే గబ్బిలం కావ్యం. గుళ్లోకి పోనివ్వని మనిషి, గుళ్లో తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత శివుడికి కబురంపుతాడు. ఒక కథలో కబురు పైనుంచి కాపరుల దాకా దిగివచ్చింది, ఇంకో కథలో కిందనుంచి పైకి పోవడానికి గబ్బిలాన్ని బతిమాలాల్సి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య తేడా అదే.

బేత్లెహేములో క్రీస్తు పుట్టాడని చెప్పే చోట ఉన్న గుడికి వాకిలి నాలుగడుగుల ఎత్తే ఉంటుంది. ఎంత గొప్పవాడైనా నడుం వంచి లోపలికి పోవాలి. వినయద్వారం అంటారు. ఒకప్పుడు పెద్ద వాకిలే ఉండేది, గుర్రాలతో సహా లోపలికి రాకుండా రాళ్లతో పూడ్చి చిన్నది చేశారని చెప్తారు. అలాంటి వాకిళ్లు నా చిన్నప్పుడు పాలెం నిండా ఉండేవి. బోదకప్పు గుడిసెలు, చూరు నడుము ఎత్తున. మా నాయన ఎన్నడూ ఏ గుడిసెలోకీ పోలేదు. బయట నిలబడి కేకేసేవాడు, లోపలివాళ్లే వంగి బయటికొచ్చేవాళ్లు. కులమే కారణమని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే వాకిలి కూడా ఒక కారణమేమో. పోవాలంటే వంగాలి.

నేను మొదటిసారి వంగి పోయింది నన్ను "అయ్యా" అన్న ముసలావిడ పోయినప్పుడు. అప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి. చూరుగడ్డి వీపుకి గీసుకుంది. లోపల చీకటికి కళ్లు అలవాటుపడ్డాక గోడకున్న పటం కనిపించింది. తొట్టి, బిడ్డ, ఎడ్లు. లూకా ఎడ్ల గురించి రాయలేదు. గ్రెచ్చో అనే ఇటలీ ఊళ్లో 1223లో అస్సీసీ ఫ్రాన్సిసు నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి గడ్డి తొట్టి పక్కన కట్టేశాడు, ఆ తర్వాత ఎడ్లు కథలో మరింత స్థిరపడ్డాయి. మూపురం లేని తెల్లదేశపు ఎడ్లు. ఆ పటంలో ఎవరో పెన్సిలుతో మూపురాలు దిద్దారు.

ఇప్పుడు పాలెంలో అన్నీ స్లాబు ఇళ్లు, ఏడడుగుల తలుపులు. ఎవరూ వంగక్కర్లేదు. బాగుంది. వినయద్వారం ఉండాల్సింది ఇంకో వీధిలో, మా వీధిలో.

మా చావిడి కూలిపోయి చాలా కాలమైంది. ఎడ్లు ట్రాక్టరు అయ్యాయి. రాతి తొట్టి మాత్రం ఎవరూ కదపలేక మిగిలింది. నలుగురు కూలీల్ని పెట్టి దాన్ని ఇంటిముందుకి దొర్లించి నీళ్లు పోస్తున్నాను, పిచ్చుకలు, వీధికుక్కలు తాగుతాయి.

పోయినేడు పండక్కి రెండు రోజుల ముందు, రాత్రి ఒంటిగంట వేళ పాటల గుంపు మా వీధిలోకి వచ్చింది. నా చిన్నప్పుడు వచ్చేవాళ్లు కాదు. డప్పు, కంజీర, ఒక కీబోర్డు. పగలంతా పత్తి తీసొచ్చిన ఆడవాళ్లు కొందరి కొంగులకి ఇంకా దూది పీచు అంటుకునే ఉంది. ముందు ఒకాయన పొడుగాటి గెడ పట్టుకున్నాడు. దాని చివర వెదురు బద్దల నక్షత్రం, రంగు కాగితం లోపల ఎల్‌ఈడీ బల్బు. మా వీధిలో కరెంటు తీగలు సాగి కిందికి వేలాడుతుంటాయి.

"వంచండి, వంచండి. తీగలున్నయ్."

ముగ్గురు కలిసి గెడ వాల్చారు. నక్షత్రం భుజాల ఎత్తుకి దిగి, తీగల కిందనుంచి జాగ్రత్తగా పాక్కుంటూ ఇటుపక్కకి వచ్చింది. మా గుమ్మం ముందు మళ్లీ నిలబెట్టారు. నేను అరుగు దిగి చెప్పుల కోసం చీకట్లో తడుముకుంటున్నాను. గుంపుకన్నా ముందు వచ్చిన ఇద్దరు పిల్లలు, దుప్పట్లు కప్పుకున్నవాళ్లు, నా తలుపు కొట్టి నేను లేచానో లేదో కూడా చూడకుండా అప్పటికే పక్కింటికి పరుగెత్తి వాళ్ల తలుపు బాదుతున్నారు.